కొత్తల్లుడి పిల్లలు

చెరువుకి విషం పెట్టడం మా ఆఫీసు చేసే పనుల్లో ఒకటి. ఈ మాట చెప్పగానే జనం నన్ను ఎగాదిగా చూస్తారు. చూడనీ. ఒక్కోసారి చెరువు బతకాలంటే అందులోని చేపలన్నీ చావాలి. దాన్ని మర్యాదగా చెప్పే దారి నాకింతవరకూ దొరకలేదు, వెతికే ఓపికా లేదు.

మా చెరువుకి సొంత చేప ఒకటుంది, చారచేప. అరచేయంత ఉంటుంది. మొప్ప దగ్గర్నుంచి తోక దాకా నల్లటి చార. తినడానికి రుచీ పచీ లేదు, అందమూ అంతంతమాత్రమే, అందుకే దాని సంగతి ఎవరికీ పట్టలేదు. కాకపోతే అది ఈ ఒక్క చెరువులోనే ఉంది. ఇక్కడ పోతే ఇంకెక్కడా ఉండదు. దాన్ని పోనివ్వకుండా చూడటమే నా ఉద్యోగం.

దాని ప్రాణానికి వచ్చిపడింది ఇంకో చేప. ఎప్పుడో పాతరోజుల్లో మా ఆఫీసు వాళ్ళే, చెరువులో కలుపు తగ్గుతుందని చెప్పి, ఎక్కడినుంచో తెచ్చి వదిలారు. దానికి మూతికిరువైపులా మీసాలుంటాయి. మా పడవ నడిపే ఆవిడ దానికి కొత్తల్లుడు అని పేరు పెట్టింది. "మనమే పిలిచాం, వచ్చినప్పట్నుంచి తింటూనే ఉన్నాడు, పొమ్మంటే పోడు, పైగా మీసాలొకటి" అంటుంది. పడవ కన్నా ముందు ఆవిడ నోరు స్టార్టవుతుంది కాబట్టి ఆవిణ్ణి మేం మోటారక్క అంటాం.

కొత్తల్లుడు ఊరికే తినడు. అడుగున బురదలో మూతి పెట్టి కెలుకుతాడు. మొక్కలు వేళ్ళతో సహా లేచిపోతాయి. నీళ్ళు బురదయ్యాక వెలుతురు కిందికి దిగదు, ఉన్న నాలుగు మొక్కలూ చస్తాయి. బురదలోంచి లేచిన సత్తువంతా తిని పైన పచ్చటి నాచు పెరుగుతుంది. మొక్కల మధ్య గుడ్లు పెట్టే చారచేపకి గుడ్లు పెట్టే చోటే ఉండదు. ఊళ్ళో కుళాయి తిప్పితే నాచు కంపు కొట్టే దాకా వచ్చాక మా ఆఫీసు పెద్దసారు విషానికి సంతకం పెట్టారు. చారచేప కోసం అయితే పెట్టేవారు కాదు, అది వేరే సంగతి.

మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి, ఈ చెరువు తూముకి గేటు మనిషిగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడా గేటుకి మోటారు బిగించారు, బటన్ నొక్కితే లేస్తుంది. గట్టు మీద పాత గేటు గది మాత్రం అలాగే ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది. మా ఆయన గూడ్సు రైలు డ్రైవరు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు, మిగతా సగం నిద్రపోతాడు. కాబట్టి ఇంట్లో ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడుకునేది మామయ్యా నేనూ. మాటలు చెరువు గురించే. పోట్లాటలూ దాని గురించే.

విషం వేసే ముందు చెరువు నీటిని వీలైనంత కిందికి దించుతాం. నీళ్ళు తగ్గితే మందూ తగ్గుతుంది. నీళ్ళు దిగుతున్న ఆ రోజుల్లో వలలు వేసి చారచేపల్ని పట్టి, ఆఫీసు వెనక షెడ్డులో ట్యాంకుల్లో దాచుకున్నాం. నీళ్ళు శుభ్రపడ్డాక మళ్ళీ వదలడానికి.

"అన్నీ దొరికాయా అమ్మాయ్?" అని అడిగారు మామయ్య.

"అన్నీ ఎలా దొరుకుతాయి మామయ్యా? దొరికినన్ని దొరికాయి."

"మరి దొరకనివి?"

"పోతాయి."

"పోతాయా?"

"పోతాయి మరి. ఏం చెయ్యమంటారు, గట్టు మీద నిలబడి ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలవమంటారా?"

ఆయన నవ్వలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆయనకి తెలుసు, అందుకే చెప్పులేసుకుని గేటు గది వైపు వెళ్ళిపోయారు.

విషం వేసిన రోజు పొద్దున గాలి లేదు. అది ఏదో చెట్టు వేళ్ళనుంచి తీసే పొడి. నీళ్ళలో కలిపితే పాలలా తెల్లగా అవుతుంది. మనుషులకి ఆ మోతాదులో ఏమీ కాదు, ఎండ తగిలితే కొన్నాళ్ళకి దాని విషం విరిగిపోతుంది. చేపకి మాత్రం నీళ్ళలో ఊపిరి అందదు. మోటారక్క పడవ నడిపింది, నేను మందు చిమ్మే గొట్టం పట్టుకున్నాను. కాసేపటికి చేపలు పైకి రావడం మొదలైంది. మూతులు బయటపెట్టి నోళ్ళు తెరుస్తూ మూస్తూ పడవ చుట్టూ తిరిగాయి. మోటారక్క ఆ రోజు నోరు విప్పలేదు. గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మామయ్య, ఒకసారి చూసేసరికి ఉన్నారు, ఇంకోసారి చూసేసరికి లేరు.

చచ్చిన చేపల్ని ఎత్తి గోతుల్లో పూడ్చేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. ఊరంతా వాసన. చంకలో పిల్లనెత్తుకున్న ఒకావిడ రోడ్డు మీద నన్నాపి, "మీకసలు నిద్రెలా పడుతుందండీ?" అంది. "బోర్లా పడుకుంటే పడుతుంది" అన్నాను. అబద్ధం. ఎలా పడుకున్నా పట్టలేదు.

చలికాలమంతా చెరువు ఖాళీగా ఉంది. చేప ఎగిరిన చప్పుడు లేదు, కొంగ లేదు. అడుగు దాకా కనపడే నీళ్ళని చూస్తే సంతోషం వేయాలి, నాకు భయం వేసేది. తర్వాత ఎండలు మొదలయ్యాక బురదలో ఏళ్ళ తరబడి పడి ఉన్న గింజలు మొలకెత్తాయి. సన్నటి ఆకులు అడుగంతా పరుచుకున్నాయి. నత్తలొచ్చాయి, తూనీగలొచ్చాయి. పెద్దసారుని పడవెక్కించి తీసుకెళ్ళి చూపిస్తే ఆయన టై నీళ్ళలో పడేంత వంగి చూశారు.

చారచేపల్ని తిరిగి వదిలిన రోజు మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఏదో పెద్ద రహస్యం పెదాల వెనక పెట్టుకున్నట్టు నవ్వుతూనే ఉన్నారు.

"ఇక చెరువు నిండిందమ్మాయ్."

"నిండటానికి ఇంకా ఏళ్ళు పడుతుంది మామయ్యా."

"నువ్వు అనుకున్న దానికన్నా తొందరగానే నిండుతుందిలే" అన్నారు. పెద్దవాళ్ళు ఏదో ధైర్యం చెబుతారు కదా అనుకున్నాను.

ఆ ఏడాది చారచేపలు మొక్కల మధ్య గుడ్లు పెట్టాయి. పిల్లలు సూదుల్లా నీళ్ళలో మెరుస్తుంటే మోటారక్క పడవాపి మరీ చూసింది. ఊళ్ళో కుళాయి కంపు పోయింది. కుళాయి కంపు పోతే చెరువుని ఎవరూ తలుచుకోరు. మాకదే చాలు.

మరుసటి ఎండాకాలం, గేటు గదికి దగ్గర్లో నీళ్ళ మీద మొక్కలు తేలుతూ కనపడ్డాయి. వేళ్ళతో సహా. గాలికి ఊడి ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. గాలికి మొక్కలు వేళ్ళతో ఊడవని నాకు తెలుసు. ఆ మూలంతా నీళ్ళు మసక మసకగా ఉన్నాయి. వల వేశాం. వలలో బరువుగా ఏదో కొట్టుకుంది. మోటారక్క దాన్ని రెండు చేతులతో పైకెత్తింది. బలిసిన ఒళ్ళు, రెండు పక్కలా మీసాలు.

"వీణ్ణి మళ్ళీ ఎవడు పిలిచాడే?" అంది మోటారక్క. నవ్వులాటగా అనబోయింది కానీ నవ్వు రాలేదు.

దాని పొలుసొకటి తీసి భూతద్దం కింద పెట్టి చూశాను. పొలుసు మీద గీతల్ని బట్టి చేప వయసు తెలుస్తుంది. విషం వేయకముందు పుట్టిన చేప అది. అంటే విషం వేసిన రోజున చెరువులో లేదు, ఉంటే చచ్చేది. ఇంకెక్కడో పెరిగి, తర్వాత వచ్చింది. ఎవరో పెంచి వదిలారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా నా నోరు ఆగలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, మామయ్యా నేనే. ఎవడో వెధవ, ఇంట్లో గాజు తొట్టెలో పెంచుకుని, పెద్దదయ్యాక విసుగు పుట్టి తెచ్చి పారేసి ఉంటాడు, వాడి చేతులు పడిపోను అని తిట్టాను. ఇంకా చాలా తిట్టాను. మామయ్య తలొంచుకుని తింటున్నారు.

"అమ్మాయ్, ఆ కొత్తల్లుడికి చిన్నప్పుడు ఏమన్నా చార ఉంటుందా?" అన్నారు ఉన్నట్టుండి.

"ఎందుకుండదూ? పిల్లలప్పుడు ఉంటుంది, అచ్చం చారచేప పిల్లకున్నట్టే. వేలంత అయ్యేసరికి చెరిగిపోతుంది, అప్పుడు మీసాలొస్తాయి. చారచేపకి చార జన్మలో పోదు, మీసం జన్మలో రాదు. అందుకే పిల్లల్ని చూసి ఏది ఏదో చెప్పడం మాకే కష్టం."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కాసేపు ఆ చేతినే చూస్తూ కూర్చున్నారు.

"నా రోజుల్లో చార ఉంటే మనదే" అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. అర్థమైనా ఆయన నోటితో అనే దాకా నమ్మదలుచుకోలేదు.

"మామయ్యా, ఏం చేశారు?"

చెప్పారు. నీళ్ళు కిందికి దించినప్పుడు గట్టు వార గుంటలు మిగిలాయి కదా, వాటిలో పిల్లలు చిక్కుకుని కొట్టుకుంటున్నాయట. ఒక్కోదానికీ చార. దొరకనివి పోతాయని నేనన్నానుగా, ఇవి పోకూడదనుకున్నారట. బకెట్లో ఎత్తి, గేటు గదిలో గేటు గొలుసులు కడగడానికి వాడిన పాత సిమెంటు తొట్టెలో వేశారట. చలికాలమంతా రొట్టె పొడి వేసి పెంచారట. నేను చారచేపల్ని వదిలిన రోజే, మేమింకా రాకముందు, పొద్దున్నే గేటు దగ్గర వదిలేశారట.

"అప్పటికి చారలు పోయి ఉండాలే! చూసుకోలేదా?"

"గదిలో వెలుతురు తక్కువ కదమ్మా. నా కళ్ళూ అంతంతమాత్రమే. పైనుంచి చూస్తే నల్లగానే కనపడ్డాయి" అన్నారు. "నీకు చెబుదామనే అనుకున్నా. చెరువు నిండుగా కళకళలాడాక చెబితే నువ్వు సంతోషిస్తావని ఆగాను."

నేను లేచి నిలబడ్డాను. "ఆ ఒక్క చెరువుని నిలబెట్టడానికి మేమంతా ఎంత చచ్చామో మీకు తెలుసా? ఒక్క మాట, ఒక్క మాట నన్నడిగితే మీ సొమ్మేం పోయేది?" అని అరిచాను. ఆయన ఎదురు చెప్పలేదు. చెబితే బాగుండేది. కంచం తీసుకెళ్ళి కుళాయి దగ్గర పెట్టి, చెయ్యి కడుక్కుని, జేబులోంచి గేటు గది తాళంచెవి తీసి బల్ల మీద, నా కంచం పక్కన పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆఫీసులో పెద్దసారుకి ఉన్నదున్నట్టు చెప్పాను. చేసింది మా మామయ్యేనని కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అసలు మొదట వాటిని తెచ్చి వేసిందెవరు? మనమే కదా. ఇప్పుడా పెద్దాయన్ని ఎవరేమంటారు, వదిలెయ్యమ్మా" అన్నారు. నన్ను తిడతారనుకుని వెళ్ళాను. తిట్టకపోయేసరికి కుర్చీలో కూలబడి ఏడ్చాను.

వలలతో వాటిని ఏరి పారేద్దామని చూశాం. పెద్దవి దొరికాయి. కానీ అవప్పటికే గుడ్లు పెట్టేశాయి. చారలున్న సన్నటి పిల్లలు గట్టు పొడుగునా ఉన్నాయి, ఏవి మనవో ఏవి వాడివో చూసి ఏరే పని కాదు. వేసవి అయ్యేలోగా నీళ్ళు సగం దాకా బురదయ్యాయి. ఆ బురద నిండా పాకి, ఉన్న మొక్కలన్నీ పోతే చారచేపకి ఎటూ దిక్కుండదు. మళ్ళీ విషమే అని తేల్చారు. తేల్చే మీటింగులో మొదట ఆ మాటన్నది నేనే.

ఈసారి చారచేపల్ని పట్టడం మొదటిసారిలా సాగలేదు. మేం అంత మురిసిపోయిన మొక్కలే మాకు అడ్డొచ్చాయి. వల వేస్తే మొక్కలకి చుట్టుకుని చిరిగింది. చేపలు ఆ మొక్కల మధ్య దాక్కుని బయటికి రాలేదు. షెడ్డులో ఎన్నో ట్యాంకులు కడిగి సిద్ధంగా పెట్టాను. వాటిలో చాలా మటుకు ఖాళీగానే ఉండిపోయాయి. దొరికినవీ ముదురు చేపలే, ట్యాంకుల్లో గుడ్లు పెడతాయో లేదో తెలీదు. ఇంకా ఆగుదామంటే చలి ముదిరిపోతుంది, చలికి మందు సరిగ్గా పనిచేయదు.

ఇంట్లో మామయ్య మాటలు మానేశారు. పెట్టింది తింటున్నారు, పిలిస్తే పలుకుతున్నారు. చెరువు వైపు అడుగు పెట్టడం లేదు. మా ఆయన ఫోన్ చేసి, "నాన్నని ఏమన్నా అన్నావా?" అన్నాడు. అన్నానన్నాను. "పోనీలే" అని, "అయినా పాపం" అన్నాడు. పాపమే. కోపమూ పాపమూ రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి ఉంటే ఇంట్లో తిరగడం ఎంత కష్టమో అనుభవించాను. గుక్కెడు నీళ్ళు ఇవ్వబోయినా చెయ్యి బరువెక్కేది.

విషం వేసే రోజు పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నన్ను కూడా పడవెక్కించు."

"వద్దు మామయ్యా. మీరు చూడలేరు."

"పోయినసారి చూడలేకే వెళ్ళిపోయాను" అన్నారు. "ఈసారి చూడాలి. నా వల్ల పోయేవి పోతుంటే ఇంట్లో కూర్చోనా?"

కాదనలేకపోయాను. మోటారక్క ఆయన్ని చెయ్యి పట్టి పడవలోకి దించి, మధ్యలో పలక మీద కూర్చోబెట్టి, తన స్వెట్టరు తీసి ఆయన మోకాళ్ళ మీద కప్పింది. పొగమంచు ఇంకా విడలేదు. నేను గొట్టం తెరిచాను. పాలలాంటి నీళ్ళు మొక్కల మీదుగా పాకాయి.

మొదట పిల్లలు తేలాయి. తర్వాత మీసాలవాళ్ళు. ఆ తర్వాత మొక్కల్లోంచి ఒక్కొక్కటిగా, వలకి అందని చారచేపలన్నీ వచ్చాయి. నేననుకున్న దానికన్నా చాలా ఉన్నాయి. ఇన్ని పుట్టాయా ఈ చెరువులో అనుకున్నాను. ఇంకొక్క రెండేళ్ళు వదిలేసి ఉంటే నిజంగానే నిండేది. గొట్టం పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కింది కానీ వదల్లేదు.

మామయ్య పడవ అంచు మీదుగా వంగి, ఒకదాన్ని దోసిట్లోకి తీసుకున్నారు. అరచేయంత చేప. మొప్పలు ఇంకా మెల్లగా కదులుతున్నాయి. పక్కన నల్లటి చార, మొప్ప నుంచి తోక దాకా ఎక్కడా చెరగలేదు. ఆయన బొటనవేలితో దాని మూతి చుట్టూ మెల్లగా తడిమి చూశారు. అటు పక్క, ఇటు పక్క. తర్వాత దాన్ని నా వైపు ఎత్తి పట్టుకున్నారు.

"ఇది మనదా అమ్మాయ్?"

మోటారక్క నా వైపు చూసింది. తర్వాత తల తిప్పుకుని నీళ్ళ వైపు చూసింది.

"కాదు మామయ్యా" అన్నాను. "కొత్తల్లుడి పిల్ల."

ఆయన నన్ను కాసేపు చూశారు. "సరేనమ్మా" అన్నారు.

ఇంకో చేపని తీయలేదు, ఇంకేమీ అడగలేదు. నేను గొట్టం ఇంకో వైపు తిప్పాను. పడవ చెరువంతా తిరిగి గట్టు చేరేదాకా ఆయన ఆ చేపని కింద పెట్టలేదు.